మన 116కి రెండో భాగం ఏదీ?

పెళ్లిలో చదివింపులు నూటపదహార్లు. పురోహితుడి తాంబూలంలో నూటపదహార్లు. మేనకోడలి ఓణీల వేడుకకి వెళ్లినా చేతిలో పెట్టేది నూటపదహార్లే. తెలుగువాళ్లకి ఇంతకుమించిన శుభప్రదమైన అంకె లేదు. అయితే గుంటూరు, ఒంగోలు వైపు ఓ తరానికి మాత్రం ఆ అంకె చెబితే కళ్లముందు మెదిలేది తాంబూలం కాదు... తుపాకి!

1966 ఆగస్టులో 'గూఢచారి 116' విడుదలయ్యేనాటికి ఒంగోలు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంది. ఒంగోలు కేంద్రంగా విడిగా జిల్లా ఏర్పడింది 1970లో. దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టింది 1972లో. కాబట్టి తెనాలి పక్కన బుర్రిపాలెంలో రైతు ఇంట పుట్టిన కుర్రాడు సూటూ బూటూ వేసుకుని తెరమీదకి వస్తే, అటు పల్నాడు నుంచి ఇటు ఒంగోలు దాకా అందరికీ ఆయన 'మన జిల్లా' మనిషే. ఘట్టమనేని రాఘవయ్య చౌదరి, నాగరత్నమ్మల పెద్దకొడుకు కృష్ణ అప్పటికి చేసినవి రెండు మూడు సినిమాలు. 116 తర్వాత ఆయన పేరుకి ముందు ఓ బిరుదు వచ్చి చేరింది... ఆంధ్రా జేమ్స్‌బాండ్!

ఇప్పటి పిల్లలకి రెండో భాగాలు కొత్త కాదు. సినిమా చివర్లో 'మిగతాది తర్వాతి భాగంలో' అని పడితేనే తృప్తి. మరి అంత పేరు తెచ్చుకున్న మన తొలితరం గూఢచారికి రెండో భాగం ఎందుకు రాలేదు? నిజానికి వచ్చింది. కానీ తెలుగులో రాలేదు. ఆ కథ కూడా గూఢచారి కథలాగే మలుపులు తిరిగింది.

స్కూటరు మీంచి కారు మీదకి

అప్పటికి ప్రపంచమంతా బాండ్ గాలి వీస్తోంది. 1962లో షాన్ కానరీతో 'డాక్టర్ నో' వచ్చింది. ఏడాది తిరక్కుండానే దాని కొనసాగింపు 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' తయారైంది. ఆ తర్వాత ఏడాదికొకటి. ఒక్క బ్రిటన్లోనే కాదు, ఫ్రాన్సు వాళ్లకీ ఓ గూఢచారి ఉన్నాడు. పేరు 'ఓఎస్ఎస్ 117'. జాఁ బ్రూస్ అనే రచయిత అతణ్ని సృష్టించింది 1949లో. అంటే ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి బాండ్ నవల 'కాసినో రాయల్' (1953) కంటే ముందే. ఆ ఫ్రెంచి గూఢచారి 1964లో బ్యాంకాక్ నేపథ్యంగా చేసిన సాహసమే మన 'గూఢచారి 116'కి మూలం. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ. దర్శకుడు ఎం.మల్లికార్జునరావు.

కొత్త హీరోని నమ్మి ఇలాంటి సినిమా తియ్యడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం డూండీకి ఎక్కడినుంచి వచ్చిందంటే... ఆదుర్తి సుబ్బారావు అంతా కొత్తవాళ్లతో తీసిన 'తేనెమనసులు' (1965) నుంచి. అందులో కృష్ణ స్కూటరు మీద కారుని వెంటాడతాడు. స్కూటరు మీంచి కారు మీదకి దూకుతాడు. డూప్ లేడు. ఆ ఒక్క దూకుడు చూసే డూండీ తన గూఢచారిని ఎంచుకున్నాడని సినీ పరిశ్రమలో చెప్పుకుంటారు. నటన విషయంలో అప్పట్లో పెదవి విరిచినవాళ్లు లేకపోలేదు. కానీ గూఢచారికి కావాల్సింది గంభీరమైన సంభాషణలు కాదుగా! పరిగెత్తాలి. పరిగెత్తినట్టు కనపడాలి.

ఆ సినిమాకి అసలు బలం కెమెరా వెనక ఉంది. రవికాంత్ నగాయిచ్. ట్రిక్ ఫొటోగ్రఫీలో దిట్ట. 'సీతారామ కళ్యాణం' (1961)కి కెమెరా పట్టింది ఆయనే. కంప్యూటర్లు లేవు, విదేశాల్లో నెలల తరబడి షూటింగ్ చేసే స్తోమత లేదు. ఉన్నదల్లా కెమెరా కోణం, వెలుగునీడలు, కత్తిరింపు. పౌరాణికాల్లో దేవుళ్లని మాయం చేసిన చేతులు ఇక్కడ శత్రువుల రహస్య స్థావరాన్ని నిలబెట్టాయి. చూసేవాడికి అది బ్యాంకాకో మద్రాసో అన్న అనుమానం వచ్చేలోపే దృశ్యం మారిపోతుంది. డబ్బు లేనిచోట తెలివి పనిచెయ్యడం అంటే ఇదే.

కథలోనూ అంతే. విధి నిర్వహణలో ఓ ఏజెంటు హత్యకు గురవుతాడు. కూపీ లాగేందుకు 116 గోపి వస్తాడు. ఓ అమ్మాయితో ప్రేమలో పడతాడు. ఆ అమ్మాయి, జయలలిత. తర్వాతి కాలంలో తమిళనాడు ముఖ్యమంత్రి అయిన ఆమే! తీరా చూస్తే అనుమానం చుట్టూ తిరిగి అమ్మాయి తండ్రి దగ్గరే ఆగుతుంది. బాండ్‌కి అత్తామామల గొడవ లేదు. ఊరికో అమ్మాయి, సినిమాకో అమ్మాయి. మనవాళ్లు మాత్రం కాబోయే మామగారి మీదే నిఘా పెట్టించారు. దేశభక్తా, పిల్లనిచ్చే మామా అన్న ఇరకాటం తెలుగు ఇళ్లలో ఎవరికి అర్థం కాదు! పరాయి దేశపు సరుకుని మన గడపలోకి తెచ్చుకోవడంలో అంతకంటే చురుకైన ఎత్తుగడ ఉంటుందా?

శుభం కార్డు అడ్డుపడింది

సినిమా ఆడింది. మరి రెండో భాగం?

హిందీవాళ్లు తీసుకున్నారు. ముందు మొదటి భాగాన్నే. 1967లో జితేంద్ర, బబిత నటించగా 'ఫర్జ్' వచ్చింది. మన కెమెరామన్ నగాయిచ్ దర్శకుడిగా మారింది ఆ సినిమాతోనే. లక్ష్మీకాంత్-ప్యారేలాల్ పాటలు దేశమంతా మోగాయి. అందులోని పుట్టినరోజు పాట ఇప్పటికీ కేకు కోసే చోట వినపడుతూనే ఉంటుంది. జితేంద్రని అగ్రహీరోని చేసింది ఆ సినిమానే. అందులోనూ ఏజెంటు నంబరు 116. పేరు మాత్రం గోపి కాస్తా గోపాల్ అయింది.

నగాయిచ్ ఆ అంకెని అక్కడితో వదల్లేదు. 1973లో 'కీమత్' తీశాడు. అదే గోపాల్, అదే 116. నటుడు మాత్రం ధర్మేంద్ర. షాన్ కానరీ పోయి జార్జ్ లేజన్‌బీ, తర్వాత రోజర్ మూర్ వచ్చినట్టు ఇక్కడా మనిషి మారాడు, నంబరు మారలేదు. 1982లో జితేంద్ర మళ్లీ 116 అయి 'రక్ష'లో కనిపించాడు. మధ్యలో అదే దర్శకుడు మిథున్ చక్రవర్తిని 'గన్‌మాస్టర్ జి-9'గా మార్చి 'సురక్షా' (1979), దాని కొనసాగింపు 'వార్దాత్' (1981) తీశాడు. అంటే తెలుగులో ఓ గూఢచారికి కెమెరా పట్టిన మనిషి, హిందీలో పదిహేనేళ్లపాటు గూఢచారుల్నే నమ్ముకున్నాడు. 116 అంకెకి కొనసాగింపులు దక్కాయి. కాకపోతే అవి బుర్రిపాలెం కుర్రాడికి దక్కలేదు.

తెలుగులో ఎందుకు కుదర్లేదంటే, ఓ కారణం శుభం కార్డు. అప్పటి మన సినిమా పద్ధతి ప్రకారం విలన్ చావాలి, హీరో హీరోయిన్లు చెయ్యీ చెయ్యీ పట్టుకోవాలి, శుభం పడాలి. పెళ్లైన గూఢచారిని మళ్లీ తుపాకి ఇచ్చి పంపితే ఇంట్లో ఉన్న ఇల్లాలి సంగతేంటి? ఇంకో అమ్మాయితో పాట పాడితే ఊరుకునే ప్రేక్షకులా మనవాళ్లు! ఇంకో కారణం హీరోకున్న తీరుబడి. కృష్ణ ఏడాదికి పదికి పైగా సినిమాలు చేసిన రోజులవి. 1972లో ఏకంగా 18 విడుదలయ్యాయి. ఓ పాత్రని దాచుకుని, రెండేళ్లు ఆలోచించి, మెరుగుపెట్టి మళ్లీ తేవడానికి సమయం ఎవరికుంది? కొత్త కథ, కొత్త పేరు, కొత్త పోస్టరు... అదే వ్యాపారం.

అయితే ప్రేక్షకుడు ఊరుకోలేదు. తన కొనసాగింపుని తనే అల్లుకున్నాడు.

కల్లాల మీంచి టాకీసు దాకా

కృష్ణా డెల్టా కాలవలు దాటి పడమరకి వెళ్తే నేల రంగు మారిపోతుంది. నరసరావుపేట, చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు, అద్దంకి... ఎక్కువగా నల్లరేగడి. ఒకప్పుడు పొగాకు, మిరప. డెబ్భైల నుంచీ వాటికి తోడు పత్తి. పంట చేతికొచ్చే రోజుల్లోనే జేబులో చిల్లర. కాయ కోసి కల్లాల్లో ఆరబోసి, టిక్కీలు కట్టి గుంటూరు పంపేదాకా క్షణం తీరిక ఉండదు. సరుకు కాటా అయి డబ్బు చేతిలో పడ్డాక మొదటి ఖర్చు అప్పులకి, రెండోది బట్టలకి. మూడోది సినిమాకి!

రిక్షాకి మైకు కట్టుకుని కరపత్రాలు విసురుకుంటూ పోయే ప్రచారం, వెనకాల పరిగెత్తే పిల్లలు, డేరా టాకీసులో నేల టికెట్టు, రెండో ఆట అయ్యాక ఎడ్లబండి మీద ఇంటిదారి. పట్నంలో ఆడిన నెలలకి గానీ బొమ్మ ఊరికి వచ్చేది కాదు. వచ్చేసరికి ప్రింటు నిండా గీతలు. అయినా సరే. సినిమా వ్యాపార లెక్కల్లో గుంటూరు ఇప్పటికీ విడిగా ఓ 'ఏరియా'. బి, సి సెంటర్లుగా పిలిచే ఇలాంటి ఊళ్లే కృష్ణని మినిమం గ్యారంటీ హీరోని చేశాయి.

ఈ ఊళ్లలో సినిమాలు ఓ వరసలో కలిసిపోయేవి. 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో 'జేమ్స్‌బాండ్ 777' వచ్చింది. పేరు వేరు, నంబరు వేరు. అయితేనేం, తుపాకి పట్టింది మనవాడే కాబట్టి 116కి అదే తరువాయి! 1978లో అదే దర్శకుడు 'ఏజెంట్ గోపి' తీశాడు. గోపి అన్న పేరు వినగానే పాత ప్రేక్షకుడికి పాత కేసు గుర్తురాకుండా ఉంటుందా? 1981లో 'రహస్య గూఢచారి'. 1989లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో ఏకంగా 'గూఢచారి 117'! ఇరవై మూడేళ్లకి అంకె ఒకటి పెరిగింది. చిత్రమేమిటంటే, అలా పెరిగి సరిగ్గా ఆ ఫ్రెంచి గూఢచారి నంబరు దగ్గరే ఆగింది. అందులో తండ్రితోపాటు బాలనటుడిగా మహేశ్‌బాబు కూడా ఉన్నాడు. మధ్యలో ఇదే కోడి రామకృష్ణ 1983లో చిరంజీవితో 'గూఢచారి నం.1' తీశాడు. ఒంగోలు సీఎస్ఆర్ శర్మ కళాశాలలో ఇంటర్ చదివిన చిరంజీవి కూడా ఆ ప్రాంతానికి పరాయివాడేం కాదు.

వీటిలో మొదటి సినిమా అంత పకడ్బందీగా అన్నీ ఉన్నాయా అంటే లేవు. దాస్ సినిమాల్లో వేగం ఉంటుంది. గుర్రాలూ కార్లూ ఆగవు. అదే ఏడాది ఆయన తీసిన 'మోసగాళ్లకు మోసగాడు' తెలుగువాళ్లని కౌబాయ్‌లని చేసింది. కానీ గూఢచారికి వేగంతోపాటు గుట్టు కూడా కావాలి. ఎవరు స్నేహితుడో, ఎవరు ద్రోహో ప్రేక్షకుడు చివరిదాకా లెక్కలు వేస్తూ ఉండాలి. తన్నులాటలు పెరిగేకొద్దీ ఆ లెక్క తగ్గుతూ వచ్చింది. విలన్ డెన్‌లో మెరిసే బల్బుల సంఖ్య పెరిగింది, ఆలోచన తరిగింది.

ఆ లోటు తీర్చింది పుస్తకాలు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు అప్పటికే ఇంటింటి చుట్టాలు. ఆ తర్వాత మధుబాబు 'షాడో' వచ్చాడు. బస్టాండు బంకుల్లో, అద్దె పుస్తకాల షాపుల్లో అతనికున్న గిరాకీ అంతా ఇంతా కాదు. ఒక పుస్తకం ముగిస్తే అదే మనిషితో ఇంకో సాహసం సిద్ధం. పైన కులకర్ణి, పక్కన గంగారాం, శ్రీకర్, బిందు. సినిమావాళ్లు ఇవ్వని సీక్వెల్‌ని నవలలు ఇచ్చాయన్నమాట. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని షాడోని చదివి, నాన్న చేతిలో తన్నులు తిన్నవాళ్లు ఈ ఆదివారం ఈ పేజీ చూసి నవ్వుకుంటూ ఉండి ఉంటారు.

యాభై రెండేళ్ల తర్వాత...

2018 ఆగస్టు 3. ఆగస్టు నెలే మళ్లీ. శశికిరణ్ తిక్క దర్శకత్వంలో 'గూఢచారి' విడుదలైంది. కథ అడివి శేష్‌ది. హీరో ఆయనే. పేరు గోపి. శిక్షణ ముగించి 'త్రినేత్ర' అనే రహస్య సంస్థలో చేరినప్పుడు అతనికి ఇచ్చే నంబరు... 116!

థియేటర్లలో పాతికేళ్ల కుర్రాళ్లు అది మామూలు నంబరే అనుకున్నారు. పక్కసీట్లో అరవై దాటినవాళ్లుంటే మాత్రం ఉలిక్కిపడేదే. ఇందులో ఇంకో ముచ్చట కూడా ఉంది. కథానాయిక శోభిత ధూళిపాళ పుట్టింది తెనాలిలో. మొదటి 116 పుట్టిన బుర్రిపాలానికి కూతవేటు దూరంలో!

ఇది పెద్ద హీరో సినిమా కాదు. ఖర్చు కూడా పరిమితం. అయినా తెర చూస్తే అలా అనిపించదు. అరవయ్యారులో జరిగిందే ఇక్కడా జరిగింది. డబ్బు తక్కువైన ప్రతిచోటా తెలివిని వాడారు. తండ్రి గూఢచారి. విధి నిర్వహణలో పోయాడు. పెంచిన సత్య (ప్రకాశ్‌రాజ్) ఈ పిల్లాడు ఆ దారి పట్టకూడదని అసలు పేరే మార్చేశాడు. వీడేమో ఒక ఉద్యోగానికి కాదంటే ఇంకోదానికి దరఖాస్తు పెడుతూ పట్టు వదలడు. తీరా చేరాక పై అధికారి హత్య నేరం తన మీదే పడుతుంది. దేశాన్ని కాపాడాల్సినవాడే దేశద్రోహి అయిపోతాడు. అక్కడినుంచి ఎవర్ని నమ్మాలో తెలీదు. పాత 116కి కాబోయే మామగారితో వచ్చిన ఇరకాటం కొత్త 116కి సొంత ఇంట్లోనే వచ్చింది. చివరి మలుపు చెప్పడం మర్యాద కాదు. చూడనివాళ్లు ఇంట్లో అందరూ కలిసే చూడొచ్చు.

శేష్, శశికిరణ్ తర్వాత కలిసి చేసిన 'మేజర్' (2022)ని నిర్మించినవారిలో మహేశ్‌బాబు ఒకరు. మొదటి గూఢచారి కొడుకు, కొత్త గూఢచారికి నిర్మాత! ఆయన తనే 2017లో 'స్పైడర్'లో నిఘా విభాగం ఉద్యోగిగా చేశాడు. తండ్రికి ఓనమాలు దిద్దిన విద్య కొడుకుకి మాత్రం కలిసి రాలేదు. దానికి ఖర్చు ఎక్కువే అయింది.

డబ్బొస్తే ఏమవుతుంది?

2022 డిసెంబరులో 'గూఢచారి'కి కొనసాగింపుగా 'జీ2' ప్రకటించారు. తెలుగు తెర మీద 116కి అసలు సిసలు రెండో భాగం అన్నమాట. కృష్ణ కన్నుమూసింది అంతకు కొద్దివారాల ముందే, నవంబరు 15న. ఈ కబురు ఆయన వినలేదు.

దర్శకుడిగా వినయ్‌కుమార్ సిరిగినీడిని ఎంచుకున్నారు. ఆయన 'మేజర్'కి ఎడిటర్. నాడు కెమెరామన్ నగాయిచ్ 116తో దర్శకుడైనట్టే, ఇప్పుడు ఎడిటర్. ఇమ్రాన్ హష్మీని తీసుకున్నారు. అయిదారు భాషలన్నారు. మొదటి భాగానికి అందనంత ఖర్చన్నారు. అభిమానులకి సంతోషమే. ఆ వెనకే ఓ బెంగ కూడా మొదలైంది. తెలివి చూసి ప్రేమించిన సినిమాకి డబ్బు వచ్చి చేరితే, తెలివి మిగులుతుందా?

ఈ బెంగకి ఆధారం లేకపోలేదు. 'డాక్టర్ నో'కి సుమారు పది లక్షల డాలర్లు అయితే 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'కి దానికి రెట్టింపు. నాలుగో సినిమా 'థండర్‌బాల్' (1965) దగ్గరికి వచ్చేసరికి తొంభై లక్షలు. వసూళ్లు బ్రహ్మాండం. కానీ బాండ్ అభిమానుల్ని ఏది గొప్పదని అడిగితే రెండోదాని పేరు చెప్పేవాళ్లు తక్కువేం కాదు. అందులో ఉత్కంఠంతా ఓ రైలుపెట్టెలో ఇద్దరు మనుషుల మధ్య నడుస్తుంది. 2004లో వచ్చిన 'బోర్న్ సుప్రమసీ' మరీ నయం. పాల్ గ్రీన్‌గ్రాస్ కెమెరాని భుజాన వేసుకుని పరిగెత్తించాడు. మొదటి భాగం చివర్లో హీరోకి దక్కిన నిశ్చింతని రెండో భాగం మొదట్లోనే లాగేసుకున్నాడు. చివరికి ఆ ఏజెంటు చేసేదేంటంటే, తను చంపిన దంపతుల కూతుర్ని వెతుక్కుంటూ వెళ్లి నిజం ఒప్పుకోవడం! మంచి రెండో భాగం అంటే పెద్ద కారు, పెద్ద పేలుడు కాదు. మొదటిసారి చేసిన పనికి ఈసారి జవాబు చెప్పుకోవాల్సి రావడం. మన శుభం కార్డు అడ్డుపడింది సరిగ్గా దీనికే.

కొత్త గోపికి ఆ ఇబ్బంది లేదు. మొదటి భాగం ముగిసేసరికి అతని చేతిలో చెయ్యి వేసినవాళ్లెవరూ లేరు. తల్లీ తండ్రీ అనుకున్న బంధాలన్నీ తారుమారయ్యాయి. శుభం పడలేదు. రెండో భాగానికి కావాల్సిన అప్పంతా అక్కడే మిగిలి ఉంది.

పాతతరం వాళ్లకి మాత్రం ఈ లెక్కలతో పనిలేదు. 'జీ2' కబురు విని సెల్‌ఫోన్ పట్టుకుని వచ్చిన మనవడు, "తాతయ్యా, ఇదిగో చూడు, నీ 116 మళ్లీ వస్తున్నాడట" అన్నాడనుకోండి. కళ్లజోడు సర్దుకుని ఆ బొమ్మని కాసేపు అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఆ తర్వాత ఒకటే ప్రశ్న.

"అంతా బానే ఉంది కానీ ఒరేయ్... స్కూటరు మీంచి కారు మీదకి తనే దూకుతాడా, డూప్ దూకుతాడా?"